వీధిలో పడుగు, ఇంట్లో గడప, మధ్యలో మా కుక్క

మా వీధిలో పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళు ఈమధ్య ఒకటే వాదన పెట్టుకున్నారు. పెంపుడు కుక్క ఇంట్లో ఉండాలా, బయట ఉండాలా అని. ఒకాయన తన కుక్కకు సొంత దుప్పటి ఉందని చెబుతాడు, అదేదో దానికి ఉద్యోగం వచ్చినట్టు. ఇంకొకావిడ కుక్కన్నది కాపలాకి, కాపలా అన్నది బయటే అని తేల్చేస్తుంది. నేను మాత్రం చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి వింటాను తప్ప కల్పించుకోను. ఒకసారి నోరు తెరిస్తే నన్ను ఆపడం ఎవరివల్లా కాదు. ఈ తగువు మా అత్తగారింట్లో యాభైల చివర్లోనే జరిగింది. ఆ వాదించుకున్నవాళ్ళ ముందు వీళ్ళు పసిపిల్లలు.

నేను కాపురానికి వచ్చింది చీరాలలో నేతవాళ్ళ వీధికి. మా నాన్న కూడా ఆ కులంవాడే కానీ ఎప్పుడో మగ్గం వదిలేసి, చీరల మూట సైకిల్ మీద కట్టుకుని పర్చూరు చుట్టుపక్కల మిరప పండే పల్లెల్లో తిరిగి అమ్మేవాడు. కాబట్టి మా ఇంట్లో మగ్గం లేదు. కుక్క ఉంది. గోధుమరంగు ఆడకుక్క. ఒక చెవి నిలబడి, ఒక చెవి పడిపోయి, ఎప్పుడూ సగం మాటే విన్నట్టు మొహం పెట్టేది. మిరపకాయలు కల్లంలో ఎండబోసిన రోజుల్లో అందరి కల్లాలకీ అదే కాపలా. ఘాటుకి తుమ్ముతూనే కాసేది. దాని తుమ్ములు వినబడుతున్నంతసేపూ రైతులు నిశ్చింతగా ఉండేవాళ్ళు. మా అమ్మ రోజూ అన్నం వార్చిన గంజి దాని చిప్పలో పోసేది. దానికి ప్రపంచంలో అంతకు మించిన పదార్థం లేదు.

నన్ను అత్తవారింటికి పంపిన రోజున రెండెడ్ల బండిలో నేను, మా నాన్న, మా ఆయన, మా మామగారు, మధ్యలో సారె గంపలు. లడ్లు, కాజాలు, అరిసెలు, చలిమిడి. బండి ఊరు దాటాక వెనక్కి చూస్తే కుక్క. మా నాన్న దిగి కేకలేస్తే బుద్ధిగా దారి పక్కన కూర్చునేది. సరే, ఒప్పుకుందిలే అనుకుని బండి కదిలిస్తే, తర్వాతి ఊరి దగ్గర మళ్ళీ వెనకాలే ఉండేది. మట్టిబెడ్డ విసిరితే బెడ్డను వాసన చూసి, ఇందులో తినడానికేం లేదని తేల్చుకుని మళ్ళీ బయల్దేరింది. నేను పుట్టిల్లు వదిలి వస్తున్నదాన్ని, పద్ధతి ప్రకారం ఏడుస్తూ ఉండాలి. దాన్ని చూసి నవ్వు ఆపుకోలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని మా మామగారు ఊరుకో అమ్మా, ఊరుకో అని దారిపొడుగునా ఓదార్చారు.

బండి వాకిట్లో ఆగింది. వీధిలో ఆడవాళ్ళంతా సారె చూడ్డానికి వచ్చారు. మా అత్తగారు గంపలన్నీ దింపించి, చివర్న దుమ్ము కొట్టుకుని నాలుక వేలాడేసుకుని నిలబడ్డ కుక్కను చూశారు.

"ఇది కూడా సారెలోదేనా?" అన్నారు.

మా నాన్నకు సిగ్గుతో చెమటలు పట్టాయి. మా మామగారు మాత్రం గంభీరంగా మొహం పెట్టి, "సారెతో వచ్చింది తిప్పి పంపిస్తే అరిష్టం కదే. నువ్వే చెబుతుంటావుగా," అన్నారు.

అది నిజమే. ఆ వీధిలో సారెతో వచ్చినదాన్ని చాట దగ్గర్నుంచి తిప్పి పంపేవాళ్ళు కాదు. మా అత్తగారు ఆచారాల విషయంలో చాలా గట్టిమనిషి. ఆ గట్టిదనంతోనే ఇరుక్కుపోయారు. కాసేపు ఆలోచించి, "ఉండనియ్యండి. గడప మాత్రం దాటకూడదు. ఇంటి నేల మీద దాని కాలు పడకూడదు," అన్నారు.

పసుపు పూసి బొట్లు పెట్టిన గడప అది. నేనైనా దానిమీద కాలు వేస్తే ఊరుకునేవారు కాదు. అందుకని కుక్క అరుగు మీద సర్దుకుంది. నాకు బ్రహ్మానందంగా ఉంది. కొత్తచోట, కొత్త మనుషుల మధ్య, నా మొహం చూసి తోకాడించేది ఒకటుంది. నిజం చెప్పొద్దూ, ఆ మొదటి రోజుల్లో అది లేకపోతే నేను ఎదురుబండి ఎక్కి వెళ్ళిపోయేదాన్ని.

మా ఆయనకు అది ఇంకో రకంగా పనికొచ్చింది. ఆ రోజుల్లో కొత్తగా పెళ్ళైనవాళ్ళు పెద్దల ఎదుట ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడం ఉండేది కాదు. ఆయన అసలే సిగ్గరి. అరుగు మీద కుక్క పక్కన కూర్చుని, "మీవాళ్ళు పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా?" అని దాన్ని అడిగేవారు. నేను గుమ్మం లోపల్నుంచి, "తిన్నారని చెప్పవే," అనేదాన్ని. "మల్లెపూలు తెస్తే పెట్టుకుంటారేమో కనుక్కో," అనేవారు. కుక్క ఇటోసారి అటోసారి చూసేది. మామగారు మగ్గం మీంచి పెద్దగా దగ్గేవారు. అది దగ్గు కాదు, నవ్వు.

ఇలా మూడు పువ్వులూ ఆరు కాయలుగా ఉండగా ఎదురింటివాళ్ళు పడుగు వేశారు.

నేతపని తెలియనివాళ్ళకు చెప్పాలి. మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను పడుగు అంటారు. ఎక్కించేముందు వాటికి గంజి పట్టించాలి, లేకపోతే నేసేటప్పుడు పుటుక్కు పుటుక్కున తెగుతాయి. అంత పొడుగు దారాలు ఏ ఇంట్లో పడతాయి? అందుకని తెల్లవారగానే వీధిలోనే కర్రల మీద, ఈ చివర్నుంచి ఆ చివరికి బారుగా చాపుతారు. చిక్కగా కాచిన బియ్యపు గంజిలో కాస్త నూనె కలిపి దారాలకు పట్టించి, ఇద్దరు మగవాళ్ళు అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ నడుస్తారు. ఎండ ముదిరేలోపల ఆరాలి. నాలుగిళ్ళవాళ్ళు సాయం పడితే తప్ప అయ్యే పని కాదు. ఒక్క పడుగు పాడైతే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం.

ఇప్పుడు మా కుక్క వైపు నుంచి చూడండి. పుట్టింట్లో చిప్పెడు గంజికి రోజంతా ఎదురుచూసిన ప్రాణి. పొద్దున్నే కళ్ళు తెరిచేసరికి వీధి పొడుగునా గంజి. అదీ సరిగ్గా దాని మూతికి అందే ఎత్తులో. పైగా నూనె కలిపి. కొత్తకోడలితో వచ్చినందుకు ఊరంతా కలిసి తనకు విందు చేస్తున్నారనుకుంది కాబోలు. ఈ చివర మొదలుపెట్టి, ఏ తొందరా లేకుండా నాకుతూ వచ్చింది. కుంచెవాళ్ళు వెనక్కి నడుస్తున్నారు కాబట్టి చూడలేదు. వాళ్ళు అటునుంచి, అది ఇటునుంచి. మధ్యలో ముగ్గురూ కలుసుకున్నారు.

నేను అరుగు మీద ముగ్గు గిన్నె పట్టుకుని బిగుసుకుపోయాను. నవ్వు వస్తోంది, భయం వేస్తోంది, రెండూ ఒకేసారి. ఎదురింటి పెద్దాయన మా మామగారికి బావ వరస, వీధి మొత్తానికి పెద్ద. ఆయన కుంచె కింద పెట్టి, మా వాకిట్లోకి వచ్చారు.

"ఏరా బావా, మీ కోడలు తెచ్చిన సారె నా పడుగు తాగేసిందిరా."

"ఎంతవరకు తాగింది?" అన్నారు మామగారు.

"సగం వీధి తాగింది."

ఆరోజు మావాళ్ళు మగ్గాలు ఆపి, ఆ పడుగుకు మళ్ళీ గంజి పెట్టడానికి వెళ్ళారు. నేను కూడా తెగిన దారాలు ముడివేశాను, నాకు అంతంతమాత్రంగా వచ్చిన పనితో. వెళ్ళేటప్పుడు పెద్దాయన కోపంగా కాదు, మామూలుగానే చెప్పారు. "ఇంకోసారి పడుగు మీద దీని నోరు పడితే వాడరేవు బండి ఎక్కించేస్తా. సముద్రం ఒడ్డున చేపలు తిని బతుకుద్ది. పడుగు బయటున్నంతసేపూ ఇది వీధిలో కనపడకూడదు."

అంటే పొద్దుటిపూట బయట ఉండకూడదు. లోపల ఎప్పుడూ ఉండకూడదు. కట్టేద్దామంటే మొదటిరోజే అది తల పైకెత్తి ఏడుపు మొదలుపెట్టింది. పడుగు చాపేవేళ కుక్క ఏడుపు అపశకునమని నాలుగిళ్ళవాళ్ళూ తలుపులు తీసుకుని వచ్చారు. పెరట్లో కడదామంటే అక్కడ మా అత్తగారి రంగు కుండలు. రంగు అద్దిన మా నూలు పెరట్లోనే దండేల మీద ఆరేవి. అయినా సరేనని కట్టాను. మధ్యాహ్నానికి దండెం కూలింది, ఎర్రరంగు కుండ బోర్లపడింది, మా కుక్క మెడ నుంచి తోక దాకా పెళ్ళికూతురి చీర రంగులో బయటికొచ్చింది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు. సీకాయ పెట్టాం, ఇసుక పెట్టాం. వన్నె ఇంకా తేరింది. మా అత్తగారు దాన్ని చుట్టూ తిరిగి చూసి, "రంగు మాత్రం బాగా పట్టింది," అన్నారు. పనిమంతురాలి మనసు అది, కోపంలో కూడా వన్నె చూడకుండా ఉండలేరు. ఆ తర్వాత నన్ను చూసి, "దీన్ని పెరట్లో కూడా కట్టకు అమ్మాయ్," అన్నారు.

ఇక దానికి ఈ భూమ్మీద చోటు లేదు. వాడరేవు బండి నా కళ్ళముందు కదులుతోంది. అన్నం సహించడం మానేసింది నాకు.

అప్పుడు మా మామగారు అందుకున్నారు. ఆయన ఎప్పుడో గోడ తగాదాలో కోర్టు చుట్టూ తిరిగి, ఆ రుచి మరిగినవారు. న్యాయం అంటే చెవి కోసుకునేవారు. మా మగ్గాలు గుంట మగ్గాలు. ఇంటి ముందుగదిలో నేలలో గుంట తవ్వి ఉంటుంది. నేసేవాళ్ళు గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వేలాడేసి కాలిచెక్కలు తొక్కుతారు. మామగారి మగ్గం పక్కనే వీధి వైపు కిటికీ. దాని ఊచలు రెండు ఊడిపోయి ఏళ్ళయింది. బాగుచేయించాలని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నారు.

ఒకరోజు అందరూ భోంచేస్తుండగా ఆయన, "గడప దాటకూడదన్నావు కదూ?" అన్నారు అత్తగారితో.

"అన్నాను."

"ఇంటి నేల మీద కాలు పెట్టకూడదన్నావు."

"అన్నాను. అయితే?"

"కిటికీలోంచి వస్తే గడప దాటినట్టు కాదు. గుంటలో ఉంటే నేల మీద ఉన్నట్టు కాదు. గుంట నేల కింద ఉంది."

అత్తగారు ముద్ద ఆపి చాలాసేపు ఆలోచించారు. ఆవిడ మాట మీద నిలబడే మనిషి. తనన్న మాటను అక్షరం పొల్లుపోకుండా పాటించి చూపిస్తుంటే కాదనడానికి దారి దొరకలేదు.

"గుంటలోంచి తల పైకెత్తితే?" అన్నారు చివరికి.

"తల లెక్కలోకి రాదు," అన్నారు మామగారు.

మర్నాటి నుంచి మా ఇంట్లో కిటికీ ముచ్చట మొదలైంది. తెల్లవారుతూనే నేను వీధిలో నిలబడి కుక్కను ఎత్తి కిటికీలో పెట్టేదాన్ని. లోపల్నుంచి మా ఆయన అందుకునేవారు. దానికి మొదట్లో అర్థంకాక సగం లోపల, సగం బయట వేలాడుతూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసేది. దాని పొట్ట కింద మా చేతులు తగిలేవి. ఇంకా చీకటి వదలని వేళ, వీధి అటుచివర కుంచెలు కడుగుతున్న చప్పుడు, మధ్యలో ఎర్రటి కుక్క, దాని అడుగున ఆయన వేళ్ళు నా వేళ్ళమీద. అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే పట్టేది ఆ పని. వీధిలో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏమ్మా, కుక్క బరువెక్కువైందా, ఇంతసేపు పడుతోంది," అని నన్ను ఏడిపించేవాళ్ళు. నేను తల వంచుకుని ముగ్గు వేసుకునేదాన్ని. ఆరోజుల్లో నా ముగ్గుల్లో ఒక్క గీతా తిన్నగా ఉండేది కాదు.

గుంటలో అది మామగారి పాదాల మీద పడుకునేది. ఆయన కాలిచెక్క తొక్కినప్పుడల్లా దాని గడ్డం పైకి లేచేది, కిందికి దిగేది. ఆ ఊపుకి గురకపెట్టి నిద్రపోయేది. చలికాలంలో పాదాలకు వెచ్చగా ఉందని, కుక్క లేకపోతే కాలు ఆడటం లేదని మామగారు అనడం మొదలుపెట్టారు. ఎదురింటి పెద్దాయన ఒకసారి వచ్చి గుంటలోకి తొంగిచూసి, "ఒరేయ్ బావా, కాళ్ళ నొప్పులకి ఇదే మందైతే నాక్కూడా ఒకటి చూడరా," అన్నారు. అత్తగారు గుంటకు వీపు పెట్టి కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేవారు. కుక్క వైపు చూసేవారే కాదు. కానీ ఆవిడ తినే చద్దన్నం ముద్ద రోజూ ఒకటి చెయ్యి జారేది. జారి తిన్నగా గుంటలోనే పడేది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. సముద్రం పక్కన ఊరు మాది, ఇసుక నేల. పైన కురిసిన వాన చాలక అడుగునుంచి కూడా నీరు ఊరుతుంది. మూడోరోజుకి వీధిలో అందరి మగ్గాల గుంటలూ బావులైపోయాయి. మగ్గాలు ఆగిపోయాయి. కిటికీ పక్కన గుంటలో గట్టు దాకా నీళ్ళు తొణుకుతున్నాయి. అరుగు మీదికి జల్లు ఈడ్చి కొడుతోంది. మా కుక్క గోడకు అతుక్కుపోయి, ఉన్న ఒక్క నిలబడ్డ చెవి కూడా పడిపోయి, గజగజా వణుకుతోంది. నవ్వే పని లేదిక.

వాన కాస్త తెరిపిచ్చింది. పర్చూరు వైపు వెళ్ళే ఎడ్లబండి ఒకటి మా వీధి చివర ఆగింది. మామగారు దాన్ని చూసి వచ్చి, నా మొహం చూడకుండా చెప్పారు.

"గుంటలు ఆరేసరికి నెల పడుతుంది అమ్మాయ్. అప్పటిదాకా ఈ వానలో ఇది బతకదు. మీ ఊరు పంపించేద్దాం. మీ అమ్మ దగ్గర సుఖంగా ఉంటుంది. బండివాడు తీసుకెళ్తానన్నాడు."

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. సరే మామయ్యా అన్నాను. అని వంటింట్లోకి వెళ్ళి, కాపురానికి వచ్చిన రోజున ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చాను. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి, మొదటిసారి కుక్కతో కాకుండా నేరుగా నాతోనే, "ఏడవకు," అన్నారు. అమ్మా నాన్నా వింటూండగానే అన్నారు. అది విని ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

మామగారు గోనెసంచి తీసుకుని బయటికి వెళ్ళబోతుంటే అత్తగారు రాట్నం దగ్గర్నుంచి లేచారు. నీళ్ళచెంబు, పసుపు గిన్నె తీసుకున్నారు. మూసి ఉన్న రెండో తలుపు కూడా బార్లా తీసి, గడప అవతల వానలో గొంతుకూర్చుని, కుక్క ముందుకాలు చేతిలోకి తీసుకున్నారు. కడిగారు. రెండోది కడిగారు. వెనక కాళ్ళు కడిగారు. నాలుగు పాదాలకీ ఇంత పసుపు అద్దారు. అది నోరెత్తకుండా కాళ్ళు ఇచ్చింది.

"ఏంటే ఇది?" అన్నారు మామగారు.

"ఎవరొచ్చినా కాళ్ళు కడుక్కునేగా లోపలికొస్తారు," అని ఆవిడ దాన్ని ఎత్తి, గడప మీంచి దాటించి, ఇంటి నేల మీద దించారు.

మామగారు సంచి పట్టుకుని అలాగే నిలబడ్డారు. "బండివాడు కాసుకునున్నాడు," అన్నారు చిన్నగా.

అత్తగారు ఆయన వైపు తిరిగారు. గొంతు పెంచలేదు.

"నన్ను తెచ్చినప్పుడు మా దూడ కూడా బండెంట వచ్చింది. పొలిమేరలో మీ నాన్నగారు కర్ర తీసుకుని తోలేశారు. మీరు నా పక్కనే ఉన్నారు. చూస్తా కూర్చున్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు."

నేను వంటింటి గుమ్మంలో కొంగుతో మొహం తుడుచుకుంటూ ఆగిపోయాను. మామగారి చేతిలో సంచి జారింది. వీధి చివర బండివాడు ఓ కేక వేసి, జవాబు రాకపోయేసరికి ఎద్దుల్ని అదిలించుకుని వెళ్ళిపోయాడు.

పాపం కుక్కకు ఇవేవీ పట్టలేదు. మొదటిసారి ఇంటి నడిమధ్య నిలబడి, నాలుగు కాళ్ళూ గట్టిగా ఊని, ముక్కు దగ్గర్నుంచి తోక చివరి దాకా ఒళ్ళు విదిలించింది. ఆ నీళ్ళు మా అందరి మీదా పడ్డాయి. మగ్గం మీదున్న పడుగు మీద పడ్డాయి. వాయుగుండానికి ముందు రోజే గంజి పెట్టి ఎక్కించిన కొత్త పడుగు అది.

"అయ్యో, పడుగు," అన్నారు మామగారు.

"పడుగు మళ్ళీ పోసుకోవచ్చు," అన్నారు అత్తగారు.

మామగారు భుజం మీది తువ్వాలు తీసి పడుగు తుడవబోయి, ఆగి, కింద కూర్చుని కుక్కను తుడిచారు.